ఇత్తడి మీద కుంకుమ బొట్టు

ముష్తాక్ భాయ్‌కి 'నూనె పోలీసు' అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు తలచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో ఆ పేరు మా డిపోలో అందరికీ నచ్చింది. ఆయనకు కూడా నచ్చింది. పోలీసంటేనన్నా జర భయపడతారు, అట్లాగే పిలవమని నవ్వేవాడు.

మా డిపో చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన ఉంటుంది. గ్యాస్ డిపో అనగానే మా చుట్టాలు వంటగ్యాస్ అనుకుంటారు. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ఒక సిలిండర్ ఇప్పించమని ప్రాణం తీస్తారు. పదకొండేళ్లుగా చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. మాది వంటింటి సరుకు కాదు. వెల్డింగ్ షాపులకు, ఫ్యాక్టరీలకు, దవాఖానలకు పోయే ఆక్సిజన్, ఎసిటిలీన్ మాది. మనిషెత్తు ఇనుప సిలిండర్లు. ఫోన్లెత్తడం, ఆర్డర్లు రాసుకోవడం, ఏ లారీలో ఏవి ఎక్కాయో కాగితం మీద పెట్టడం నా పని. నా కుర్చీ వెనక గోడకు పెద్ద బోర్డు ఉంటుంది: 'ఆక్సిజన్ పరికరాలకు నూనె, గ్రీజు తగలనివ్వరాదు.' పదకొండేళ్లు ఆ బోర్డుకు వీపు పెట్టి కూర్చున్నాను.

ముష్తాక్ భాయ్ మా పాత డ్రైవర్. వయసు యాభై ఎనిమిది. జహీరాబాద్‌లో ఇల్లు, ఇంట్లో భార్య మహబూబీ, చేతిలో ఎప్పుడూ ఒక తెల్లగుడ్డ. సిలిండర్‌ను ముట్టుకునే ముందు ఆ గుడ్డతో చేతులు తుడుచుకుంటాడు. మిర్చి బజ్జీ తిన్న రోజైతే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని గానీ లారీ దగ్గరికి పోడు. సిలిండర్లు నిలబెట్టి గొలుసు కట్టందే ఆయన బండి కదలదు, మెడకు మూత లేని సిలిండర్ ఎక్కదు, స్పీడు ముల్లు నలభై దాటదు. వెనక బస్సులవాళ్లు హారన్ కొట్టి కొట్టి అలసిపోవలసిందే. ఒకసారి న్యాల్‌కల్ దారిలో, వానలో, లిఫ్ట్ అడిగి ఎక్కిన మనిషి జేబులోంచి బీడీ తీశాడట. ఇంకా వెలిగించనైనా లేదు, నడిరోడ్డు మీద దింపేశాడు. తీరా చూస్తే ఆ మనిషి మా సేటుకు బంధువు. సేటు కేకలేస్తే ఈయన తాళాలు బల్ల మీద పెట్టి, వేరే డ్రైవర్‌ను చూసుకోమన్నాడు. సాయంత్రానికి సేటే ఆ తాళాలు తెచ్చి మళ్లీ ఆయన చేతిలో పెట్టాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, నూనె ఒక్కటీ ఒక ఎత్తు. ఆక్సిజన్ తనంతట తాను మండదు, పక్కదాన్ని మండిస్తుంది. సిలిండర్‌లోంచి అంత ఒత్తిడితో దూసుకొచ్చే ఆక్సిజన్ దారిలో ఒక్క నూనె చుక్క ఉన్నా చాలు, అగ్గిపుల్ల అక్కర్లేదు. సిలిండర్ మెడకు బిగించే ఇత్తడి రెగ్యులేటర్ అక్కడికక్కడే మంటై పేలుతుంది. ఈ ముక్క మనిషికి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

ఆయనకు తాహా అని ఒక తమ్ముడుండేవాడు. న్యాల్‌కల్‌లో ట్రాక్టర్ ట్రాలీలు చేసే షాపులో వెల్డర్. ఇరవై ఆరేళ్ల కింద, దసరా తెల్లారి, అప్పుడే కొత్తగా పనిలో చేరిన ముష్తాక్ భాయ్ ఆ షాపులో సిలిండర్ దింపాడు. దసరాకు పనిముట్లన్నీ కడిగి, తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి పూజలో ఉంచుతారు. ఆ రోజు వాటిని ఎవరూ ముట్టరు. మర్నాడు పొద్దున తీసి బోణీ చేస్తారు. ఆ షాపులో రెగ్యులేటర్ నిగనిగలాడాలని నూనెతో తుడిచారు. తాహా దాన్ని సిలిండర్ మెడకు ఆనించి పట్టుకుంటే అన్న పానాతో బిగించాడు. వేళ్లు జారాయి. ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ బిగించాడు. లారీ ఎక్కి తాళం తిప్పేలోపు వెనక చప్పుడైంది. తాహా నాలుగు రోజులు బతికాడు.

ఈ సంగతి ఆయన నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, తినకుండానే మళ్లీ మూసి చెప్పాడు.

"నూనె నా వేళ్లకు తగిలింది సుమిత్రమ్మా. నా కండ్లతోని సూసిన. గాని గిట్లయితదని నాకెవ్వలు చెప్పలే."

అప్పటినుంచి ఏటా బతుకమ్మలు మొదలయ్యాయంటే ఆయనకు కంటి మీద కునుకు ఉండదు. తన లారీ పోయే నలభై రెండు షాపుల్లో ఒక్కొక్కదానికీ పోయి, ఓనరును పక్కకు పిలిచి, అదే రెండు నిమిషాల మాట చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. కొందరు ఆయన గొంతు అనుకరించి నవ్వేవాళ్లు. చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడు కాదు భాయ్ అని ఆయన సామెతను ఆయనకే అప్పజెప్పేవాళ్లు. నవ్వితే నవ్వారు గానీ విన్నారు. ఎక్కడంటే అక్కడ ఒట్టు వేస్తాను, ఇన్నేళ్లలో ఆయన చెప్పిన మగవాడెవడూ రెగ్యులేటర్‌కు నూనె పెట్టలేదు. ఆ సామెత మాత్రం ఇప్పుడు మా డిపోలో ఎవరి నోటా రాదు.

అందరిలోకీ బాగా విన్నవాడు రాయికోడ్ మదన్‌మోహన్. ఇంటి ముందు రేకుల షెడ్డులో అతని వెల్డింగ్ షాపు. నాగళ్లు, ట్రాలీ కొక్కేలు, గేట్లు చేస్తాడు. ముష్తాక్ భాయ్ పోయినప్పుడల్లా అతని భార్య గిరిజమ్మ చక్కెర ఎక్కువేసి చాయ్ తెస్తుంది. గిరిజమ్మ చెయ్యి మంచిదని ఊళ్లో పేరు. విత్తనాలు వేసే ముందు పక్కింటివాళ్లు మొదటి పిడికెడు ఆమెతోనే వేయిస్తారట. మదన్‌మోహన్ కూడా దసరా తెల్లారి బోణీ ఆమె చేతులతోనే చేయిస్తాడు. అతను రెగ్యులేటర్ బిగిస్తాడు, ఆమె సిలిండర్ వాల్వు తిప్పుతుంది, అతను మంట వెలిగిస్తాడు. ఇది నాకు ముష్తాక్ భాయే ముచ్చటగా చెప్పాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు, అప్పుడు నేను పట్టించుకోలేదు. గిరిజమ్మ చాయ్ గ్లాసులు ఇచ్చి లోపలికి పోయేదాకా ఆయన నూనె మాట ఎత్తడట. పరాయి ఆడవాళ్లతో బాగున్నావా చెల్లె అన్న ఒక్క మాట మించి మాట్లాడకపోవడం ఆయన పద్ధతి. పైగా పండుగ పూట మంటలు, పేలుళ్లు అని ఆడవాళ్లను భయపెట్టడం దేనికని ఆగేవాడు. మంచి మర్యాదస్తుడని నేను మెచ్చుకున్నాను కూడా.

పోయిన దసరా సాయంత్రం నేను ఇంట్లో దీపం కుందులు తోమి, ఆరబెట్టి, మళ్లీ నల్లబడకుండా నూనె గుడ్డతో ఒక్క రుద్దు రుద్ది, ఫోను పట్టుకుని కూర్చున్నాను. వాట్సాప్‌లో మదన్‌మోహన్ స్టేటస్ పెట్టాడు. షెడ్డులో పీట మీద వరుసగా సుత్తులు, పానాలు, వెల్డింగ్ టార్చి, నడుమ ఇత్తడి రెగ్యులేటర్. వెనక ఆక్సిజన్ సిలిండర్‌కు బంతిపూల దండ. అన్నిటికీ కుంకుమ బొట్లు. కింద రాశాడు: 'ఈసారి ఫోను కూడా పూజలోనే. రేపు తొమ్మిదికి బోణీ అయినంకనే ముట్టేది. అందరికీ దసరా శుభాకాంక్షలు.' నాకు భలే నవ్వొచ్చింది. ఆ ఇంటివాళ్లను నేనెన్నడూ చూడలేదు, ఫోన్‌లో మాటే. అయినా చనువుగా జవాబు పెట్టాను: 'ఇత్తడి బంగారంలా మెరుస్తోంది అన్నా, ఎవరు తోమారు?' పక్కన రెండు దండం బొమ్మలు కూడా పెట్టాను.

మర్నాడు పొద్దున ఎనిమిది దాటింది. డిపోలో నేను, ముష్తాక్ భాయ్, లోడింగ్‌కు ఇద్దరు. పండుగ బద్ధకం ఇంకా వదల్లేదు. దవాఖానకు పోవలసిన సిలిండర్లు సగం ఎక్కాయి. చలాన్ మీద సంతకానికి ఆయన లోపలికి వస్తే, నీ దోస్తు ఫోనుకు కూడా పూజ చేశాడు చూడమని ఆటపట్టించడానికి ఆ స్టేటస్ తీసి చూపించాను. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. ముందు నవ్వాడు. తర్వాత ఫోను నా చేతిలోంచి తీసుకుని, రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

"బొట్టు సూడు," అన్నాడు.

చూశాను. సుత్తి మీద బొట్టు గుండ్రంగా, ఎర్రగా, పొడిగా ఉంది. రెగ్యులేటర్ మీద బొట్టు నల్లబడి, అంచులు పారి, చుట్టూ మరకైంది. కుంకుమ నూనెలో నానితే అట్లా అవుతుంది. పీట మీద పెట్టే కలశానికి బొట్టు నిలవాలని నేనూ వేలితో ఒక చుక్క నూనె రాస్తాను. నాకు తెలియని విద్యా అది! సిలిండర్‌కు తగిలించే గొట్టం మూతి చుట్టూ కూడా అదే తడి మెరుపు. చింతపండుతో తోమిన ఇత్తడి మెరుపు అట్లా తడిగా ఉండదు.

నేను ఇంకా నమ్మలేక, మదన్‌మోహన్ అన్న అట్లాంటి పని చేయడు, నువ్వు ఏటా చెబుతూనే ఉన్నావు కదా అన్నాను.

"మదన్ చెయ్యడు. చెల్లె తుడిచింది," అన్నాడు. "ఆమెకు నేను చెప్పలే, సుమిత్రమ్మా. మొగోళ్లకే చెప్పుకుంట తిరిగిన."

గోడ గడియారంలో ఎనిమిదీ పన్నెండు. మా డిపో నుంచి రాయికోడ్ ముప్పావు గంట పైనే. లారీలో సగం లోడు ఉంది, దాంతో పరిగెత్తడం కుదరదు, దింపుతూ కూర్చునే టైము లేదు. ఆయన నా బల్ల మీద ఉన్న స్కూటీ తాళం తీసుకున్నాడు. నువ్వు ఫోన్ చేస్తనే ఉండు అని ఒక్క మాట అని పోయాడు. జీవితంలో నలభై దాటని మనిషి హైవే మీద ఆ బండిని ఎట్లా తోలాడో, గేటు దగ్గర నిలబడి చూసిన లోడింగ్ పిల్లలు తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు.

నేను మదన్‌మోహన్‌కు ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేశాను. పూజలో పెట్టిన ఫోను సైలెంట్‌లో ఉందో, మోగుతున్నా ముట్టడం లేదో. గిరిజమ్మ నంబర్ కోసం రిజిస్టర్ తెరిచాను. నలభై రెండు షాపులు, నలభై రెండు పేర్లు, అన్నీ మగవాళ్లవి. ఒక్క ఆడమనిషి నంబర్ లేదు. రాసింది నేను. ఆడదాన్నై ఉండి, ఒక్కరి నంబర్ కూడా అడగాలని తోచలేదు. ఇప్పుడా రిజిస్టర్‌లో ఇంకో గడి గీశాను. అప్పుడు లేదు.

రాయికోడ్‌లోనే ఉన్న ఇంకో వెల్డింగ్ షాపుకు చేశాను. అతను పండుగకు బీదర్‌లో అత్తగారింట్లో ఉన్నాడు. హార్డ్‌వేర్ షాపతని ఫోన్ స్విచాఫ్. బీదర్‌లో ఉన్న అతను తన పక్కింటివాళ్లకు చేసి పంపుతానన్నాడు. ఆ పక్కింటివాళ్లు నిద్ర లేచి, చొక్కా వేసుకుని, బయలుదేరేసరికి ఎంతైందో నాకు తెలియదు. నేను మళ్లీ మదన్‌మోహన్ నంబరే నొక్కాను. ఎనిమిదీ నలభై. ఎనిమిదీ యాభై. ఒకవేళ రెగ్యులేటర్ చేతిలోకి తీసుకోగానే జారితే అతనికే తెలుస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. చింతపండుతోనే తోమిందేమో, ఫోటోలో వెలుతురు అట్లా పడిందేమో అని కూడా చెప్పుకున్నాను. భయమేసినప్పుడు మనసు ఎన్ని అబద్ధాలైనా వండుతుంది. నా వేలు మాత్రం ఆ నంబర్ మీది నుంచి కదల్లేదు. తొమ్మిదైంది. నా వెనక ఆ బోర్డు ఉందని ఆ రోజే మొదటిసారి వీపుకు తెలిసింది.

తొమ్మిదీ పదిహేనుకు ముష్తాక్ భాయ్ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఆడవాళ్ల ఏడుపులు వినిపించాయి.

జరిగింది ఇది. మదన్‌మోహన్‌కు రెగ్యులేటర్ జారలేదు. గిరిజమ్మ దాన్ని చింతపండుతో తోమి, మెరుపు నిలవాలని గొట్టం మూతి లోపలి దాకా నూనె గుడ్డ పెట్టి తిప్పి, పైపైన మాత్రం పొడిగుడ్డతో ఒకసారి తుడిచింది. దీపం కుందికి చేసినట్టే చేసింది. మదన్‌మోహన్ చేతులకు తోలు గ్లౌజులున్నాయి. చింతపండు మహిమ అనుకుని అతను మురిసిపోతూ బిగించాడు. తొమ్మిది కొట్టడానికి ఇంకా ఒకటి రెండు నిమిషాలుంది. గిరిజమ్మ కొత్త చీరలో, సిలిండర్ వాల్వు మీద చెయ్యి పెట్టి నిలబడింది. షెడ్డులో భక్తి పాటలు పెద్దగా పెట్టి ఉన్నాయి.

అప్పుడు వీధి మలుపులో ముష్తాక్ భాయ్ కనిపించాడు. ఒక చెయ్యి పైకెత్తి, వద్దు వద్దని అరుస్తూ వస్తున్నాడు. పాటల హోరులో అరుపు వినిపించలేదు, ఎత్తిన చెయ్యి ఒక్కటే కనిపించింది. మదన్‌మోహన్ ముఖం విప్పారింది. ఇరవై ఏళ్లుగా తన షాపుకు సిలిండర్ తెచ్చే మనిషి, పిలవకుండా, సరిగ్గా బోణీ వేళకు ఎదురొచ్చాడు. ఇంతకు మించిన శకునం ఉంటుందా?

"భాయ్ ఎదురొచ్చిండు. మంచి గడియ, తిప్పు," అన్నాడు భార్యతో.

ఆమె తిప్పింది.

ముష్తాక్ భాయ్ ఇదంతా నాకు ఒక్కసారే చెప్పాడు, తాహా సంగతి చెప్పినట్టే. స్కూటీని కింద పడేసి, తన తెల్లగుడ్డతో ఆమె చేతుల మీది మంట ఆర్పాడని మాత్రం ఆయన చెప్పలేదు, మదన్‌మోహన్ చెప్పాడు. ఆయన రాకపోయి ఉంటే ఆమె దక్కేది కాదని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ అంటారు. రాకపోయి ఉంటే ఇంకో నిమిషం ఆగి తిప్పేది, అంతే తేడా అంటాడాయన. ఇరవై ఆరేళ్ల కింద ఆయన నూనెను చూశాడు, సంగతి తెలియదు. నాకు సంగతి తెలుసు, నూనెను కళ్ల ముందు పెట్టుకుని కూడా చూడలేదు. ఎవరిది పెద్ద తప్పో దేవుడే తేల్చాలి. నా మట్టుకు నాకు తేలిపోయింది.

ఆరో రోజు హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు ఇద్దరం పోయాం. గిరిజమ్మ రెండు చేతులకూ మోచేతుల పైదాకా కట్లు. ముఖం ఎడమ సగం కట్టు కింద ఉంది. కుడి చేతికి వేళ్లు ఎన్ని మిగులుతాయో ఇంకా చెప్పలేదని మదన్‌మోహన్ వరండాలోనే చెప్పాడు. ఊళ్లో మొదటి పిడికెడు విత్తనం వేసే చెయ్యి అది.

మమ్మల్ని చూసి ఆమె లేవబోయింది. ముష్తాక్ భాయ్ బాగున్నావా చెల్లె అనబోయి, ఆ మాట సగంలో మింగాడు. ఆమె ఆయన వైపు చూసి, తప్పు చేసిన మనిషి సంజాయిషీ చెప్పుకున్నట్టు మెల్లగా అంది.

"నూనె పెట్టొద్దని నాకెవ్వలు చెప్పలేదన్నా."

ఆయన మంచం పట్టె పట్టుకుని అట్లాగే నేల మీద కూర్చుండిపోయాడు. మదన్‌మోహన్ వచ్చి భుజం పట్టుకున్నా లేవలేదు.

నేను బయటికి పోదామనుకున్నాను. పిరికిదాన్ని, నాకు అక్కడ నిలబడాలని లేదు. అంతలో మదన్‌మోహన్ భార్య వైపు వంగి, ఈమే మన డిపో సుమిత్ర అని చెప్పాడు. పూజలోంచి తీసిన ఫోను అతని చేతిలోనే ఉంది. అందులో నా మిస్డ్ కాల్స్ అన్నిటికీ పైన, పండుగ సాయంత్రం నేను పెట్టిన ఆ జవాబు ఉంది. అతను దాన్ని ఆమెకు చదివి వినిపించాడట.

గిరిజమ్మ నా వైపు తల తిప్పింది.

"ఇత్తడి ఎవలు తోమిన్రని అడిగినవంట గదా అక్కా," అంది. "నేనే తోమిన."

మెచ్చుకున్నందుకు సంతోషపడి, ముఖంలో బయటికి కనిపించే సగంతో ఆమె నాకు నవ్వింది.